అట్ట మీది పేరు నమ్మకు, అమ్మలూ

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇంగ్లండ్‌లోని యార్క్ వెళ్తున్నావట, ఎవరూ పట్టించుకోని పాత ఇంగ్లిష్ నాటకాలు చదువుతావట. “అంతా నీవల్లే అక్కా, చిన్నప్పుడు దాని బుర్రలో ఆ కథలు పోసింది నువ్వే” అని ఎత్తిపొడిచింది. నిజమే. గొర్రెను దొంగిలించి, పసిబిడ్డకి చుట్టినట్టు గుడ్డలు చుట్టి ఉయ్యాల్లో పడుకోబెట్టిన మాక్ కథ చెప్తే, “గొర్రె అరవలేదా పెద్దమ్మా?” అని నా ప్రాణం తీశావు. నువ్వు ఇటే వస్తావని నాకు అప్పుడే అర్థం కావాల్సింది. గర్వంగా ఉందని మీ అమ్మతో అనలేదు, నీతో అంటున్నాను. భయంగానూ ఉంది.

వీసా, ఫీజు, చలికోటు సంగతులు నీకు నాకంటే బాగా తెలుసు. పాత స్పెల్లింగ్ చూసి కంగారుపడకు, పైకి చదువు, సగం దానంతటదే తెలుస్తుంది. రాతప్రతులు చూపించే గదిలోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిళ్లు పెట్టుకో. కడుపు నిండా తిని వెళ్లు.

ఇక తిట్లు. నీ అప్లికేషన్ మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. మొదటి పేజీలోనే “షేక్స్పియర్‌కి దారి వేసిన నాటకాలు” అని రాశావు. ఎవరే దారి వేసింది? యార్క్‌లో ఒక్కో వృత్తిసంఘం ఒక్కో బైబిల్ కథని బండి మీద పెట్టి వీధుల్లో ఆడేది. క్రీస్తును సిలువ వేసే ఘట్టం ఆడినవాళ్లు మేకులు, సూదులు చేసే వృత్తిసంఘం వాళ్లు. నలుగురు సైనికులు. సిలువకి వేసిన బెజ్జాలు కొలతకి సరిపోవు. చేతులకి తాళ్లు కట్టి లాగుతారు, బరువని సణుగుతారు, నీ పని సరిగ్గా లేదంటే నీదే లేదని పోట్లాడుకుంటారు. వాళ్లకి అదొక రోజువారీ పని, అంతే. క్రీస్తు మాట్లాడేది రెండేసార్లు. ఆ క్రూరత్వం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ నాటకాలన్నీ ఒకచోట చేర్చి రాయించిన పుస్తకం షేక్స్పియర్ పుట్టడానికి దాదాపు వందేళ్ల ముందుది. ఆయన కోసం ఎదురుచూస్తూ ఎవరూ ఏమీ రాయలేదు. ఆ వాక్యం కొట్టెయ్. అలాగని ఇదంతా మన వీధిభాగవతమే అని కూడా రాయకు. ఇక్కణ్నించి వెళ్లే ప్రతివాళ్లూ ఆ మాటే రాస్తారు, ఆ మాటతో రెండూ సరిగా కనిపించకుండా పోతాయి.

నా అసలు భయం ఇంకోటి. మా నోట్సుల్లో ఇలాంటి బైబిల్ నాటకాలు ఆడిన నాలుగు ఊళ్ల పేర్లు బట్టీ పట్టించేవాళ్లు: యార్క్, చెస్టర్, వేక్‌ఫీల్డ్, కొవెంట్రీ. ఆ ఆఖరి పేరు ఎక్కణ్నించి వచ్చిందో విను.

ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఒక రాతప్రతి అది. సృష్టి నుంచి ఆఖరి తీర్పు దాకా బైబిల్ కథలు నాటకాలుగా ఉంటాయి. లోపల ఒకచోట 1468 అని వేసి ఉంది. పదిహేడో శతాబ్దంలో అది సర్ రాబర్ట్ కాటన్ సేకరణలోకి చేరింది. ఆయన లైబ్రేరియన్ రిచర్డ్ జేమ్స్ ముందున్న ఖాళీ కాగితం మీద లాటిన్‌లో నాలుగు ముక్కలు రాశాడు. ఇవి ఒకప్పుడు సన్యాసులు ఆడిన నాటకాలట, జనం దీన్ని లూడుస్ కొవెంట్రియే, అంటే కొవెంట్రీ నాటకం అంటారట. ఏ జనం అన్నారో, తను ఎక్కడ విన్నాడో రాయలేదు. 1656లో వార్విక్‌షైర్ చరిత్ర రాసిన డగ్‌డేల్, కొవెంట్రీలోని గ్రే ఫ్రయర్స్ మఠం వాళ్లు వీటిని ఆడేవారని రాసేశాడు. 1841లో హాలివెల్ అచ్చు వేస్తే అదే పేరు. 1922లో ఇంకొకరు వేస్తే, అప్పటికే అనుమానాలున్నా, మళ్లీ అదే పేరు. మాకు పాఠం చెప్పినాయన పుస్తకంలో అదే ఉంది, ఆయన అదే చెప్పారు.

లోపల చదివితే కదా తెలిసేది! కొవెంట్రీ ఇంగ్లండ్ నడిమధ్యన ఉంది. ఈ భాషేమో తూర్పు వైపుది, నార్ఫక్ ప్రాంతపు యాస. నాటకం గురించి చాటింపు వేసేవాళ్లు ఆఖర్న, వచ్చే ఆదివారం ఆరు గంటలకి ‘ఎన్’ అనే ఊళ్లో ఆట మొదలవుతుందంటారు. ఆ ‘ఎన్’ దగ్గర ఎక్కడికెళ్తే ఆ ఊరి పేరు చెప్పుకోవాలన్నమాట. సొంత ఊళ్లో ఆడేవాళ్లకి ఆ ఖాళీ ఎందుకు? పైగా అది ఒకే నాటకమూ కాదు. మేరీ మాత గురించి విడిగా ఉన్న నాటకాన్ని, విడిగా ఉన్న పాషన్ నాటకాన్ని, అంటే క్రీస్తు ఆఖరి రోజుల బాధల కథని, ఎవరో తెచ్చి ఇందులో కలిపారు. పీటర్ మెరెడిత్ అనే పండితుడు ఆ అతుకులు పట్టుకుని, రెంటినీ విడివిడిగా అచ్చు వేశాడు. ఇప్పుడు ఆ పుస్తకాన్ని ఎన్-టౌన్ నాటకాలంటున్నారు.

మధ్యలో నష్టపోయింది నిజమైన కొవెంట్రీ. అక్కడి వృత్తిసంఘాల నాటకాల్లో మిగిలినవి రెండే. ఒకదాంట్లో, పసిపిల్లల్ని చంపించిన రాజు హెరోదు బండి మీదా, కిందికి దిగి వీధిలోనూ వీరంగం వేస్తాడని రంగసూచన ఉంది. పసిపిల్లల్ని చంపడానికి సైనికులు వచ్చేముందు తల్లులు పాడే జోలపాట ఉంది, ఇప్పటికీ క్రిస్మస్‌కి పాడతారు. ఆ రాతప్రతి 1879లో బర్మింగ్‌హామ్ లైబ్రరీ తగలబడినప్పుడు బూడిదైంది. థామస్ షార్ప్ అనే ఆయన అంతకుముందే అచ్చు వేసి ఉండకపోతే జోలపాటా లేదు, హెరోదూ లేడు.

అందుకే చెప్తున్నా, ఎవరో రాసిన పేరు చూసి లోపలికి వెళ్లకు. మన మాక్ కథ ఉన్న టౌన్లీ రాతప్రతి కూడా అంతే. ఒకటి రెండు నాటకాల తలమీద వేక్‌ఫీల్డ్ అని ఉందని పుస్తకమంతా ఆ ఊరికి కట్టబెట్టారు, ఇప్పుడు ఒప్పుకోవట్లేదు. అనుమానం వస్తే టొరంటో వాళ్లు వేసిన పాత నాటక రికార్డుల సంపుటాలు తియ్యి. యార్క్‌ది 1979లోనే వచ్చింది. అందులో బట్టల వర్తకుల సంఘం 1433లో రాసుకున్న సామాను జాబితా ఉంది: నాలుగు చక్రాల బండి, నరకద్వారంగా చూపే పెద్ద నోరు, మూడు మాస్కుల మీద ఆరు దెయ్యాల మొహాలు, దేవదూతలకి రెక్కలు. ఏ విమర్శకుడు చెప్పినదానికన్నా నాకు ఆ జాబితానే ఎక్కువ.

‘మ్యాన్‌కైండ్’ అనే పాత నాటకం తప్పకుండా చదువు. టిటివిల్లస్ అనే దెయ్యాన్ని చూడాలంటే ముందు డబ్బులివ్వండని ఆట మధ్యలో ఆపి వసూలు చేస్తారు, భలే గడుసువాళ్లు. తర్వాతి కాలానికి వస్తే, 1613లో అచ్చయిన ఎలిజబెత్ కేరీ ‘మరియం’ ముందు పట్టుకో. ఒక ఆడమనిషి సొంతంగా రాసి అచ్చయిన మొదటి ఇంగ్లిష్ నాటకం అది, మా సిలబస్‌లో దాని ఊసే లేదు. యూదులు చర్చి పవిత్ర రొట్టెను హింసించారని చూపించే క్రాక్స్‌టన్ నాటకం చదివేటప్పుడు జాగ్రత్త. యూదుల్ని 1290లోనే దేశం నుంచి వెళ్లగొట్టి, కళ్లతో చూడని మనుషుల మీద అంత విషం రాశారు. కాలం అలాంటిదిలే అని సర్దేయకు.

దిగిన వారంలోనే మిక్కిల్‌గేట్ నుంచి వంతెన దాటి, స్టోన్‌గేట్ మీదుగా పేవ్‌మెంట్ దాకా నడువు. ఆ నాటకాల బళ్లు లాగింది ఆ దారినే, తెల్లవారుజామున మొదలుపెట్టి. మలుపులెంత ఇరుకో కొలిచి నాకు రాయి. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. మోకాళ్లు ఒప్పుకుంటే వచ్చే వేసవికి నేనూ వస్తా, టికెట్ మాత్రం నువ్వే కొనాలి.

మీ పెద్దమ్మ