సిరప్ ఆపకు చెల్లె, మోషన్స్ లెక్క రాస్కో

మీ నాన్నకు లివర్ సిరోసిస్ (లివర్ గట్టిపడి ఖరాబయ్యే జబ్బు), పగలంత నిద్ర రాత్రంత జాగారం, పొంతన లేని మాటలు, డాక్టర్ ఇచ్చిన లాక్టులోజ్ సిరప్ తోని మోషన్స్ అయితున్నయని సిరప్ ఆపేద్దామా అని అడిగినవ్ కదా. నీ అంతట నువ్వు ఆపకు చెల్లె. మేం ఆపి చూసినం, అందుకే చెప్తున్న.

మా బాపు ఎనుమాముల మార్కెట్ల ఇరవై ఏండ్లు మిర్చి లెక్కలు చూసినోడు, బస్తాలు, తూకం, రేటు అన్నీ నోటితోనే చెప్పేటోడు. అట్లాంటి మనిషి ఒకనాడు నూరుల ఏడు పోతే ఎంత బాపు అంటే నా మొఖం చూస్కుంట కూసున్నడు. చాయ్ గ్లాస్ పట్టుకుంటే చెయ్యి మణికట్టు కాడ టక్కున వాలేది మళ్ల లేచేది, చాయంత లుంగీ మీదనే. మా మేనత్తేమో గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చింది, ఊర్ల ఆర్ఎంపీ నిద్ర పడ్తదని గోలి ఇచ్చిండు, తెల్లారి ఎంత లేపినా లేవలే. ఈ జబ్బుల నిద్రగోలి అసలే ఇయ్యొద్దట, మాకు హన్మకొండల అడ్మిట్ చేసినంకనే తెలిసింది.

ఈ మతి తప్పుడు, చెయ్యి వాలుడు అన్నీ ఒకటే జబ్బు, పేరు హెపాటిక్ ఎన్సెఫలోపతి. పేగులల్ల అమ్మోనియా అనే విషం తయారైతది, మంచి లివర్ దాన్ని యూరియా చేసి మూత్రంల పంపిస్తది, ఖరాబైన లివర్ తోని అది కాదు, రక్తంల కలిసి మెదడుకు పోతది. సిరప్ ఆ అమ్మోనియాను పేగులల్లనే పట్టి బయటికి తోల్తది. అంటే మోషన్ కావుడే మందు పనిచేసుడు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగ కావాలె. ఒక్కసారి కూడ కాకుంటే డోస్ చాలలేదన్నట్టు, నీళ్లలెక్క ఐదారు సార్లయితే ఎక్కువైనట్టు, అప్పుడు ఒంట్ల నీళ్లు, లవణాలు పడిపోయి మళ్ల మతి తప్పుతది. ఎంత పెంచాలె ఎంత తగ్గించాలె అనేది డాక్టర్ తోని రాయించుకో.

మేం చేసిన తప్పేందంటే మేడారం జాతరకు పోయేటప్పుడు తొవ్వల ఇబ్బంది అయితదని మూడు రోజులు సిరప్ ఇయ్యలే. వచ్చిన రెండో నాడే మళ్ల అడ్మిట్. అప్పటిసంది లాక్టులోజ్ తోని పాటు రిఫాక్సిమిన్ (పేగులల్ల అమ్మోనియా చేసే బ్యాక్టీరియాను తగ్గించే గోలి) 550 మి.గ్రా. పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాసిన్రు, ఇది జెర ఖర్చే.

తిండి సంగతి కూడ చెప్పాలె. చుట్టాలందరు పప్పు వద్దు గుడ్డు వద్దు అంటే రెండు నెలలు చారన్నమే పెట్టినం, బాపు తొడలు కట్టెపుల్లలైనయ్. డైటీషియన్ మస్తు కోపం చేసింది, కండ కూడ కొంత అమ్మోనియాను తీసేస్తది, దాన్నే కరగవెడ్తె ఎట్ల అన్నది. రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాల్నట. ఇప్పుడు పప్పు, పెరుగు కొంచెం కొంచెం నాలుగైదు సార్లు పెడ్తున్నం, పండుకునే ముందు కూడ ఏదన్న తినిపిస్తం, రాత్రంత ఖాళీ కడుపు వద్దన్నరు.

ఇంకోటి, రోజు పొద్దున క్యాలెండర్ మీద బాపుతోని సంతకం పెట్టిస్త. అక్షరాలు వంకర పోతే జబ్బు మళ్ల మొదలైతున్నదేమోనని ముందు మోషన్ అయిందా, జ్వరం గిట్ల ఉందా చూస్త. లేపితే లేవకున్నా, నల్లగ మోషన్ అయినా, రక్తం కక్కినా, కడుపునొప్పితోని జ్వరమొచ్చినా ఇంట్ల ఉంచకు, మత్తుల ఉన్నోళ్ల నోట్ల సిరప్ పొయ్యకు, ఊపిరితిత్తులల్లకు పోతది, సీదా ఎమర్జెన్సీకే తీస్కపో.

నిన్నటిసంది ఎన్నిసార్లయింది, నీళ్లలెక్కనా మెత్తగనా, అది రాస్కొని ఇప్పుడే మీ డాక్టర్ కు ఫోన్ చెయ్యి చెల్లె.