కూతురి పేరున రాసేస్తే బాబు బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మావారు రిటైరైన ప్రభుత్వ టీచర్. మా అబ్బాయికి 29 ఏళ్లు, పుట్టుకతోనే మానసిక ఎదుగుదల తక్కువ. అన్నం కలిపి పెట్టాలి, స్నానం దగ్గర ఒకరుండాలి. అమ్మాయి భర్త, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్‌లో ఉంటోంది. ఉన్న ఒక్క ఇల్లూ ఇప్పుడే దాని పేరున గిఫ్ట్ డీడ్ చేసేద్దాం, తమ్ముణ్ణి అదే చూసుకుంటుంది అంటున్నారు మావారు. నాకు ధైర్యం చాలడం లేదు. వద్దంటే ‘కన్నకూతుర్నే నమ్మవా’ అంటున్నారు. నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: లేదమ్మా. మీవారి ఉద్దేశం కూడా మంచిదే. అయితే ఆయన దీన్ని నమ్మకానికి పరీక్షలా చూస్తున్నారు. అందుకే మీ ఇద్దరి మాటలూ అక్కడే ఆగిపోతున్నాయి.

మీ అమ్మాయి బంగారం లాంటి పిల్లే అనుకుందాం. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైన రోజు నుంచి ఇల్లు ఆమెది. రేపు ఆమెకే ఏదైనా జరిగితే (అనకూడని మాటే, కానీ ఇలాంటి కాగితాలు రాసుకునేది దానికోసమే) హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె ఆస్తి భర్తకూ పిల్లలకూ వెళ్తుంది. తమ్ముడికి అందులో వాటా రాదు. కుటుంబం అప్పుల్లో పడి ఆ ఇల్లు జప్తుకొచ్చినా వాడు బయటికి నడవాల్సిందే. ఇందులో కూతురి తప్పు ఏముంది? మీవారికి ఈ సంగతి ఇలాగే చెప్పండి, నమ్మకం గురించి వాదించకండి.

కొందరు డీడ్‌లో ‘మమ్మల్ని చూసుకోవాలి’ అని షరతు రాయించుకుంటారు. మాట తప్పితే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లి రద్దు చేయమని అడగవచ్చు. కానీ ఆ చట్టం పెద్దవాళ్లయిన మీ కోసం. మీరిద్దరూ లేనప్పుడు బాబుకి దాంతో ఒరిగేదేమీ లేదు.

అలాగని ఏమీ రాయకుండా వదిలేస్తే ఇంకో చిక్కు. మీవారి సొంత ఆస్తి మీకూ పిల్లలిద్దరికీ సమానంగా వస్తుంది. వాళ్ల నానమ్మ ఉంటే ఆమెకూ ఒక వాటా. కానీ బాబు తన వాటా మీద సంతకం పెట్టలేడు కదా. వాడి తరఫున పెట్టడానికి కన్నవాళ్లమైతే చాలనుకుంటాం. చట్టం అలా అనుకోదు. 18 నిండాక సంరక్షకులుగా మిమ్మల్ని కూడా విడిగా నియమించాలి.

కాబట్టి ముందు ఆ పని చూడండి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఈ చట్టం కిందికి వస్తాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. సంరక్షకులుగా ఉన్నవాళ్లు ఆరు నెలల్లో బాబు ఆస్తుల జాబితా ఇవ్వాలి, తర్వాత ఏటా లెక్కలు చూపాలి. మీ తర్వాత ఆ స్థానంలోకి ఎవరొచ్చినా ఈ లెక్క తప్పదు, అది వాడికే మంచిది.

ఇక ఇల్లు. మీవారు గిఫ్ట్ డీడ్ మాని వీలునామా రాయడం మేలు. మీరు ఉన్నంతకాలం ఇల్లు మీ అనుభవంలో ఉండాలి. మీ ఇద్దరి తర్వాత అది బాబు కోసం పెట్టిన ట్రస్టుకు, అంటే వాడి మేలు కోసం ఆస్తిని వేరేవాళ్లు చూసుకునే ఏర్పాటుకు చేరాలి. వాడి తదనంతరం మిగిలింది అమ్మాయికో ఆమె పిల్లలకో వెళ్లేలా రాయవచ్చు. ఆ ట్రస్టును నడిపే ట్రస్టీగా అమ్మాయితో పాటు మరొకరుండాలి, వయసులో చిన్నవాళ్లయితే మంచిది. బాబు బాగోగులు చూసే మనిషీ, డబ్బు లెక్క చూసే మనిషీ వేరుగా ఉంటే ఇద్దరికీ నిందలు తప్పుతాయి. అమ్మాయికి ఇవ్వాలనుకున్నది విడిగా ఇవ్వండి. తమ్ముణ్ణి చూసినందుకు జీతంలా మాత్రం ఇవ్వకండి.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మీ విషయంలో చేయించమనే అంటాను. సాక్షులు ఇద్దరుండాలి, వాళ్లకు ఆస్తిలో వాటా లేకపోతే మంచిది. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు, చివరిదే చెల్లుతుంది. గిఫ్ట్ డీడ్‌తో ఆ వెసులుబాటు ఉండదు.

పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు మీకేమైనా ఇచ్చారా? పొలమైనా బంగారమైనా అది పూర్తిగా మీది, దానికి మీరే వేరే వీలునామా రాయాలి. చాలామంది ఆడవాళ్లు ఈ మాట చెబితే నవ్వేసి ఊరుకుంటారు. మీరలా చేయకండి. బ్యాంకులో నామినీగా బాబు పేరు ఉంటే మార్పించండి. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అందించే మనిషి మాత్రమే, వాడు ఆ పని చేయలేడు. పెన్షన్ కాగితాల్లో మాత్రం వాడి పేరు, వైకల్యం వివరాలు ఉన్నాయో లేదో ట్రెజరీలో చూసుకోండి. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న పిల్లలకు మీ తర్వాత కుటుంబ పెన్షన్ వచ్చే వీలుంది.

ఇంతకీ, మీ ఉత్తరంలో అమ్మాయి అన్న మాట ఒక్కటీ లేదు. ఆమెను అడిగారా? అల్లుణ్ణి కూడా కూర్చోబెట్టి అడగండి. ‘మా ఇంట్లో ఉంచుకోలేను, కానీ మంచి హోమ్ చూసి, వారం వారం వెళ్లి చూసుకుంటాను’ అని ఆమె అంటే నొచ్చుకోకండి. మొహమాటానికి ఒప్పుకున్న మాట కంటే అదే నయం, దాన్నిబట్టి ట్రస్టులో ఎంత డబ్బుండాలో తెలుస్తుంది. ఈలోగా బాబుని అప్పుడప్పుడూ అక్క దగ్గర నాలుగు రోజులు ఉంచి చూడండి. వాడి మందులు, తినేవి, దేనికి భయపడతాడో ఒక నోట్‌బుక్‌లో రాయండి, అవి మీకు తప్ప ఎవరికీ తెలియవు.

లాయర్ దగ్గరికి ఈ మాటలన్నీ అయ్యాకే వెళ్లండి. దస్తావేజు లేఖరి దగ్గరుండే మామూలు నమూనా మీకు సరిపోదు. ట్రస్టులు రాసిన అనుభవం ఉన్న మనిషిని వెతుక్కోండి.