పొరా, అరా, దొంతరా?

సందేహం: తిరుపతిలో రసాయన శాస్త్ర పరిశోధన చేస్తున్నాను. తెలుగు వ్యాసానికి ‘పొరల లోహ సేంద్రియ పదార్థాల సంశ్లేషణ మరియు నిర్మాణం’ అని పేరు పెట్టాను. ‘పొరల’ కాదు, ‘అరల’ అనాలని ఒకరన్నారు. ‘సేంద్రియ’ అనగానే ఎరువులు గుర్తొస్తాయి, ‘లోహ కర్బన’ అనాలని ఇంకొకరన్నారు. ఏది సరి?

సమాధానం: పొర, అర రెండూ మీకు కావలసినవే. కాని ఒకదాని చోట ఇంకొకటి వాడితే అర్థం తప్పుతుంది. ఉల్లిపొర, కంటిపొర అంటాం: పలచగా పరుచుకున్నది పొర. బీరువాలో అర అంటాం: వస్తువు పెట్టుకొనే ఖాళీ చోటు అర. పొరలను ఒకదానిమీద ఒకటి పేరిస్తే దొంతర. పెళ్లి పంక్తిలో కుట్టు విస్తళ్ల దొంతర చూడండి. ఒక్కో విస్తరిలో ఆకులు పుల్లలతో గట్టిగా కుట్టి ఉంటాయి, రెండు విస్తళ్ల నడుమ మాత్రం వేలు సులువుగా దూరుతుంది.

జింక్ ఫినైల్‌ఫాస్ఫొనేట్ అనే లోహ సేంద్రియ పదార్థపు కట్టడమూ ఇలాంటిదే. జింక్, ఫాస్ఫొనేట్‌లోని ఆక్సిజన్లు కలిసి గట్టి పొర అవుతాయి. ఫినైల్ వలయాలు (ఆరు కార్బన్ల ఉంగరాలు) దానికి రెండు వైపులా నిక్కి నిలుస్తాయి. ఎదురెదురు వలయాల మధ్య పట్టు తక్కువ. పొర నుంచి పొరకు ఎడం సుమారు 14.3 ఆంగ్‌స్ట్రాములు (సెంటీమీటరులో పదికోట్ల వంతు ఒక ఆంగ్‌స్ట్రాము), అందుకే రాగి నుంచి వచ్చే ఎక్స్-కిరణాలతో తీసిన వివర్తన పటంలో (కిరణాలు ఏ కోణంలో చెదిరాయో చూపే పటం) మొదటి శిఖరం 6.2 డిగ్రీల దగ్గర కనబడుతుంది. వేడిచేసి, జింక్‌కు అతికి ఉన్న నీటిని పోగొడితే జింక్ పక్కన చోటు ఖాళీ అవుతుంది, అక్కడికి అమీన్లు (నైట్రోజన్ ఉన్న సేంద్రియ అణువులు) వచ్చి చేరతాయి, ఎడం పెరుగుతుంది. దీన్ని ‘అమీన్లు అరల్లో చేరాయి’ అని రాయండి. ‘పొరల్లో’ అంటే పొరే చెదిరిందనుకుంటారు.

‘సేంద్రియ’ అనగానే ఎరువులు గుర్తొస్తాయన్నది నిజమే. అయినా ఇక్కడ ‘లోహ కర్బన’ కంటే అదే నయం. ‘లోహ కర్బన’ అంటే లోహం నేరుగా కార్బన్‌కే అతికిందనిపిస్తుంది. ఆ సమ్మేళనాలు వేరు, ఇక్కడ అతుకు ఆక్సిజన్‌తో.

‘సంశ్లేషణ’ (రసాయనిక తయారీ) శీర్షికలో ఉండనివ్వండి. తయారీ చెప్పేచోట ‘కలపబడెను’, ‘జోడించబడెను’ వద్దు. ‘జింక్ లవణం, ఫినైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లం సమాన మోల్‌లు నీటిలో కరిగించి, కలియబెడుతూ క్షారం చుక్కచుక్కగా వేశాం’ అనండి. ‘చుక్కచుక్కగా’ అన్న మాట ఇక్కడ ప్రాణం: క్షారం గుమ్మరిస్తే జింక్ హైడ్రాక్సైడ్ కూడా అవక్షేపంలో కలిసిపోతుంది. ‘క్షారం చేర్చాం’ అని ఊరుకుంటే మీ వ్యాసం చూసి చేసేవారికి ఆ జాగ్రత్త తెలియదు.

‘మరియు’ తీసేయండి, కామా చాలు. మీ శీర్షిక ఇలా ఉంటే బాగుంటుంది: ‘లోహ సేంద్రియ దొంతర పదార్థాలు: సంశ్లేషణ, నిర్మాణం’.