ట్యూబ్ ఆంప్‌లో ఆ సుయ్‌మనే సౌండ్ ఎందుకు?

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో చిన్న హైబ్రిడ్ ట్యూబ్ ఆంప్ (ట్యూబూ ట్రాన్సిస్టరూ రెండూ ఉండే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్) కొన్నానండి, నా 16 ఓమ్‌ల (కరెంట్‌కి అడ్డుపడే కొలత) ఇయర్‌ఫోన్స్ పెడితే పాట లేకపోయినా సుయ్‌మని ఒకటే సౌండ్, ట్యూబ్ పోయిందంటారా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ట్యూబ్ మీద నింద వెయ్యకండి, జత కుదర్లేదంతే. హైబ్రిడ్‌లో ట్యూబ్ ఓల్టేజ్ పెంచుతుంది, హెడ్‌ఫోన్‌కి కరెంట్ ఇచ్చేది మాత్రం వెనకున్న ట్రాన్సిస్టర్లో మాస్‌ఫెట్లో (అవీ ఒక రకం ట్రాన్సిస్టర్లే), ఇక ఇయర్‌ఫోన్స్ అంటే మరీ సెన్సిటివ్, ఆంప్‌లో ఉండే ఆ కాస్త నాయిస్‌ని కూడా చెవిలో పోసేస్తాయి. గెయిన్ స్విచ్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో మార్చేది) ఉంటే ‘లో’ (తక్కువ) మీద పెట్టి చూడండి. సెన్‌హైజర్ హెచ్‌డి 600 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఎవరి దగ్గరైనా దొరికితే ఒక్క పూట అడిగి తెచ్చుకోండి, అది అంత సెన్సిటివ్ కాదు కాబట్టి ఆ సౌండ్ దాదాపు వినబడదు, ఘంటసాల గొంతు కమ్మగా ముందుకొస్తుంది. తక్కువ ఓమ్‌లదే కావాలంటే ఆంప్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ (ఆంప్ తన వైపు నుంచి కరెంట్‌కి పెట్టే అడ్డు, ఇదీ ఓమ్‌లలోనే) చూసుకోండి, అది హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకూడదు, అంటే 32కి 4 లోపు, దాటితే చాలా వాటిలో బేస్ ముద్దముద్దగా వస్తుంది. ట్యూబ్ కింద నారింజ రంగు ఎల్‌ఈడీ చూసి మురిసిపోకండి, అది షోకే!