నాన్నగారికి మంచినీళ్లు పొలమారుతుంటే

తమ్ముడూ, పక్షవాతం వచ్చాక నాన్నగారికి జావ దిగుతోంది గానీ మంచినీళ్లు పొలమారుతున్నాయన్నావు కదా, మా అమ్మకీ అచ్చం ఇంతే. నీళ్లు పల్చన, గొంతులోకి జర్రున జారిపోతాయి, గొంతు కండరాలు ఊపిరి దారిని అంత వేగంగా మూయలేక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా రావొచ్చు. దగ్గు రాకపోయినా తాగాక గొంతు గరగరమంటే అదీ గుర్తే. స్పీచ్ థెరపిస్ట్ అంటే మాటకే అనుకుంటాం, మింగుడు చూసేదీ వాళ్లేనయ్యా. అమలాపురంలో దొరక్కపోతే కాకినాడ పెద్దాసుపత్రిలో అడుగు, ఆలస్యం చెయ్యకు. అప్పటిదాకా నోటితో ఏం ఇవ్వొచ్చో డాక్టర్ని ఇవాళే కనుక్కో, పడుకోబెట్టి మాత్రం చుక్క కూడా పొయ్యకు. అమ్మకి కొబ్బరినీళ్లంటే ప్రాణం, థెరపిస్ట్ రాసిన పొడి కలిపి తేనెలా చిక్కగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పట్టేదాన్ని, గొంతు కదిలాకే ఇంకో చెంచా. తాగాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. జ్వరం గానీ ఆయాసం గానీ వస్తే మాత్రం వెంటనే 108కి ఫోన్ చెయ్యి.