కొత్త ఫోన్‌లో కొన్ని నంబర్లే వచ్చాయా? పాత ఫోన్ ఇప్పుడే రీసెట్ చేయకండి

పాత ఫోన్‌లో ఆరు వందల నంబర్లుంటే, అదే జీమెయిల్‌తో కొత్త ఫోన్ తెరిచాక రెండు వందలే కనిపిస్తున్నాయని ఒకరు అడిగారు. టెన్షన్ పడకండి. మిగతావి గూగుల్ ఖాతాలోకి వెళ్లకుండా పాత ఫోన్‌లోనో, సిమ్‌లోనో సేవ్ అయి ఉంటాయి.

పాత ఫోన్‌లో గూగుల్ కాంటాక్ట్స్ యాప్ తెరవండి. పైన మీ ఫొటో నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళితే, సింక్ (నంబర్లు గూగుల్ ఖాతాలోకి చేరడం) దగ్గర ఫోన్‌లోని కాంటాక్టులను కూడా సింక్ చేసే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేసి కాసేపు నెట్ ఉంచండి.

సిమ్‌లో ఉన్నవి అలా రావు, విడిగా ఇంపోర్ట్ చేసుకోవాలి. ఎక్కడ సేవ్ చేయాలని అడిగితే మీ జీమెయిల్‌నే ఎంచుకోండి. సిమ్‌లో పొడవాటి పేర్లు పట్టవు. మా అమ్మ సిమ్‌లో ‘గ్యాస్ బండ అబ్బాయి’ కాస్తా ‘గ్యాస్ బ’ అని మిగిలింది. అలాంటివి కూర్చుని సరిచేసుకోవాల్సిందే.

తర్వాత కంప్యూటర్‌లో అదే జీమెయిల్‌తో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి లెక్క చూడండి. ఆరు వందలూ అక్కడ కనిపించాకే పాత ఫోన్ రీసెట్ చేయండి. గూగుల్ ఖాతాలోకి చేరిన నంబర్ పొరపాటున డిలీట్ అయినా, 30 రోజుల దాకా ట్రాష్‌లో ఉంటుంది. ఇకపై కొత్త నంబర్ సేవ్ చేసేటప్పుడు పైన జీమెయిల్ ఉందో, సిమ్ అని ఉందో ఒకసారి చూసుకోండి.