లెక్టిన్ చిప్ మీద ప్రాజెక్ట్ వచ్చింది, అమ్మాయిని పంపాలా వద్దా?

తెనాలి నుంచి ఒక అమ్మగారు అడిగారు: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం, ప్రొటీన్ల మీద ఉండే షుగర్లని మైక్రోఅర్రేతో కనిపెట్టే ప్రాజెక్ట్ హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ ఇస్తామంది, ఆరు నెలలు. మా వారేమో షుగర్ టెస్టులు చేయడానికి ఇంత చదువెందుకు, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

అమ్మా, ముందు సార్‌కి ఒకటి చెప్పండి, ఇది షుగర్ టెస్ట్ కాదు. డయాబెటిస్‌కి చేసే హెచ్‌బిఏ1సి టెస్ట్‌లో చూసేది రక్తంలో గ్లూకోజ్ ఎక్కువై హీమోగ్లోబిన్‌కి దానంతటదే అతుక్కున్నది, మీ అమ్మాయి చూడబోయేది కణం లోపల ఎంజైములు పనిగట్టుకుని ప్రొటీన్‌కి తగిలించే షుగర్ గొలుసులు, గ్లైకోసైలేషన్ అంటారు. 'ఎ' గ్రూపు రక్తానికీ 'బి' గ్రూపుకీ తేడా ఎర్రకణాల మీద ఆ గొలుసు చివర ఉండే ఒక్క షుగరే, ఆ ఒక్కదానికే గ్రూపు మారి ఎక్కిస్తే ప్రాణం మీదకొస్తుంది కదా. పైగా ఈ గొలుసు ఎలా ఉంటుందో డీఎన్‌ఏ చదివితే నేరుగా తెలీదు, అందుకే దీనికి వేరే పద్ధతులు కావాలి.

అందులో ఒకటే లెక్టిన్ మైక్రోఅర్రే. లెక్టిన్లంటే ఫలానా షుగర్ కనిపిస్తే పట్టుకునే ప్రొటీన్లు, చాలా రకాలు మన గింజల్లోనే ఉంటాయి, వేరుశనగలో ఒకటి, పనస గింజల్లో జాకలిన్, ఆముదం గింజల్లో ఇంకోటి. వీటిని గాజు స్లైడ్ మీద చిన్న చిన్న చుక్కలుగా అతికిస్తారు, జపాన్‌లో వచ్చిన ఒక పేరున్న చిప్ మీద 45 రకాలుంటాయి. శాంపిల్ ప్రొటీన్‌కి మెరిసే డై తగిలించి దాని మీద పోస్తే ఏ చుక్కలు వెలిగాయన్నదాన్ని బట్టి ఏ షుగర్లు ఉన్నాయో అంచనా వస్తుంది. ఉత్త అంచనా అని తీసిపారేయకండి, లివర్ క్యాన్సర్‌కి చేసే ఏఎఫ్‌పీ-ఎల్3 టెస్ట్ పుట్టింది మసూర్ పప్పు లెక్టిన్, రక్తంలో ఉండే ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్‌లో ఒక రకాన్నే గట్టిగా పట్టుకోవడం వల్లే. ఈ లెక్టిన్ల మీద మన దేశంలో లోతుగా పనిచేసిన వాళ్ళున్నారు, వేరుశనగ లెక్టిన్, జాకలిన్ నిర్మాణాలు బెంగళూరు ఐఐఎస్సీలో ఎం. విజయన్ గారి గ్రూపే తేల్చింది.

ఇక ఉద్యోగం సంగతి. "లెక్టిన్ అర్రే వచ్చు" అన్న ఒక్క ముక్కతో ఎవరూ తీసుకోరు, ఇది గట్టిగానే చెప్తున్నా. అర్రే నమూనా చూపిస్తుందే తప్ప గొలుసు కచ్చితంగా ఏదో చెప్పదు, ఒక లెక్టిన్ రెండు మూడు రకాల షుగర్లని కూడా పట్టుకుంటుంది, కాబట్టి చివరికి అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీతో తేల్చుకోవాల్సిందే. కంపెనీలు అడిగేది కూడా అదే. బయోసిమిలర్ (అసలు బయోటెక్ మందుకి దాదాపు అదేలా చేసే మందు) యాంటీబాడీలు చేసేవాళ్ళకి షుగర్లు చాలా ముఖ్యం, ఎందుకంటే యాంటీబాడీ మీద ఫ్యూకోజ్ అనే ఒక్క షుగర్ లేకపోతే క్యాన్సర్ కణాన్ని చంపించే శక్తే మారిపోతుంది, ఎర్రకణాలు పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్‌లో సియాలిక్ యాసిడ్ అనే షుగర్ తగ్గితే మందు రక్తంలో నిలవదు. అందుకని ప్రతి బ్యాచ్‌కీ గ్లైకాన్లు, అంటే ఈ షుగర్ గొలుసులు చూస్తారు, దానికి ఎక్కువగా వాడేది పీఎన్‌జేజ్ ఎఫ్ ఎంజైముతో షుగర్లు కోసి వాటిని విడదీసే హిలిక్ కాలమ్ మీద, విడదీసి బరువు కూడా చూసే ఎల్‌సీ-ఎంఎస్ మిషన్ మీద నడపడం. బయోసిమిలర్లు చేసే డాక్టర్ రెడ్డీస్ హైదరాబాద్‌లోనే ఉంది, బయోకాన్ బెంగళూరులో ఉంది, ఇలాంటి చోట్ల అనలిటికల్ టీములు ఉంటాయి.

కాబట్టి నా మాట, ప్రాజెక్ట్ తీసుకోమనండి, కానీ చేరేముందు ల్యాబ్‌ని సూటిగా అడగమనండి. చుక్కల వెలుగు చదివే స్కానర్ వాళ్ళదేనా లేక స్లైడ్లు బయటికి పంపుతారా, అదే శాంపిల్‌ని ఎల్‌సీ-ఎంఎస్ మీద కూడా తను నడపొచ్చా, వెలుగు నిజంగా షుగర్ వల్లే వచ్చిందని చూడ్డానికి ఆ షుగర్‌నే విడిగా కలిపి బైండింగ్ ఆగుతుందో లేదో చూసే కంట్రోల్ చేయిస్తారా, డేటాని 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో తనే అనలైజ్ చేస్తుందా. ఈ చివరిది సార్ కోరికని కూడా కొంత తీరుస్తుంది అమ్మా, ఎందుకంటే డేటా పని కూడా ఇందులోనే నేర్చుకుంటుంది, దానికి ఎమ్మెస్సీ మధ్యలో వదిలేసి వెళ్ళడం నాకు అస్సలు నచ్చలేదు. ఆరు నెలలూ పక్కనుండి సీనియర్ పని చూడ్డమే అయితే మాత్రం వద్దు, వేరే ల్యాబ్ చూసుకోమనండి.

డబ్బు మాట దాచను, ఎమ్మెస్సీతో మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో వచ్చేంత ఉండకపోవచ్చు. పీహెచ్‌డీ వైపు మనసుంటే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)‌కి ఇప్పట్నుంచే చదవాలి, 2023 నుంచి ఆ ఫెలోషిప్ నెలకి 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వాళ్ళ ఫెలోషిప్‌కి ఉండే బెట్ పరీక్ష కూడా రాయమనండి. కంపెనీ వైపే అయితే మందుల తయారీ నాణ్యతా నియమాల ప్రకారం రికార్డులు రాయడం (జీఎంపీ డాక్యుమెంటేషన్), శాంపిల్‌లోని పదార్థాలని విడదీసే హెచ్‌పీఎల్‌సీ మిషన్ చేతికి రావాలి. ల్యాబ్ వాళ్ళు ఏం చెప్పారో కనుక్కుని, తనకి పీహెచ్‌డీ ఇష్టమా ఉద్యోగమా అన్నది అమ్మాయి చేతే రాయించి పంపండి, మిగతాది దాన్ని బట్టి చెప్తాను.